కొల్హార్ ముందు మూడు గీటురాళ్లు

భారత జనగణన పుస్తకాల్లో ఒక నిర్వచనం ఉంది. అచ్చులో నాలుగైదు పంక్తులకు మించదు. జనాభా 5,000కు తగ్గకూడదు. ఏడాదిలో కనీసం ఆరు నెలలు పనిచేసిన మగవాళ్లలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. చదరపు కిలోమీటరుకు 400 మందికి తక్కువ కాకుండా నివసించాలి. ఈ మూడూ ఒక్కచోట కుదిరితే, ఆ ఊరికి మునిసిపాలిటీ లేకపోయినా, ఇంకా సర్పంచి పాలనలోనే ఉన్నా, జనగణన దాన్ని పట్టణంగానే లెక్కిస్తుంది. అలా లెక్కకెక్కిన ఊరిని జనగణన పట్టణం అంటారు.

పైపైన చూస్తే ఇదొక దఫ్తరు నిబంధన. నిదానంగా చదివితే ప్రతి అంకె వెనకా ఒక ఆలోచన కనిపిస్తుంది. జనాభా ఎలా పెరిగింది, 1991 తర్వాతి ఆర్థిక సంస్కరణలు ఊళ్లను ఎలా మార్చాయి అన్న రెండు పెద్ద ప్రశ్నలకూ ఇంత తక్కువ మాటల్లో కొలత ఇచ్చిన పనిముట్టును నేను మరొకటి చూడలేదు. దాని పనితనం తెలియాలంటే ఒక ఊరిని ఎదురుగా పెట్టుకోవాలి. అందుకు బీదర్ పక్కనున్న కొల్హార్‌ను ఎంచుకున్నాను.

కొల్హార్ అనగానే కన్నడిగులకు ముందు గుర్తొచ్చేది విజయపుర జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు, అక్కడి గడ్డపెరుగు. మన కొల్హార్ అది కాదు. ఇది బీదర్ నగరానికి దగ్గరగా ఉంది. కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి మండలి ఈ ఊరి పేరుతోనే ఒక పారిశ్రామిక వాడ వేసింది. అందులో చెప్పుకోదగ్గవి మందుల ముడిసరుకు, రసాయనాలు తయారుచేసే కర్మాగారాలు. హైదరాబాద్ కేంద్రంగా నడిచే సాయి లైఫ్ సైన్సెస్ తయారీ యూనిట్ కూడా ఇక్కడే ఉంది. ఫ్యాక్టరీ కన్నడనాట, ఆఫీసు తెలుగునాట. ఈ నేల చరిత్ర తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. 1956 నవంబరు 1 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. ఆ రోజున జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీర్ వైపు భాగం మరాఠీ సీమకు, మిగిలింది మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. రాష్ట్రాలు మారినా దారులు మారలేదు. బీదర్ నుంచి హైదరాబాద్ సుమారు 140 కిలోమీటర్లు, బెంగళూరు దాదాపు 700. చదువుకైనా, వైద్యానికైనా, పనికైనా బీదర్ జనం తూర్పు వైపు బండెక్కడమే ఎక్కువ. బీదర్ బజారులో కన్నడ, ఉర్దూ, మరాఠీలతో పాటు తెలుగూ చెల్లుబాటు అవుతుంది.

ఇప్పుడు ఆ నిర్వచనం పుట్టుక చూద్దాం.

1901 నాటి జనగణనలో పట్టణమంటే మునిసిపాలిటీ, కంటోన్మెంటు, లేదా 5,000 మందికి తగ్గకుండా ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న చోటు. ఈ చివరి రకంలో ఏది పట్టణమో తేల్చడం ఆ ప్రావిన్సు సూపరింటెండెంటు ఇష్టం. ఒకాయన సంతను చూసి పట్టణమన్నాడు, ఇంకొకాయన కచేరీని చూసి అన్నాడు. 1951 దాకా ఈ వదులుతనమే సాగింది. 1961 జనగణనకు కమిషనర్‌గా ఉన్న అశోక్ మిత్రా దాన్ని బిగించారు. ఐసీఎస్ అధికారి అయిన ఆయన అప్పటికే 1951లో పశ్చిమ బెంగాల్ జనగణన నడిపారు. 1961లో అంకెలతో ఆగకుండా దేశమంతటా ఎంపిక చేసిన గ్రామాల మీద, చేతివృత్తుల మీద విడివిడి గ్రంథాలు రాయించారు. ఊరంటే ఏమిటో అంత దగ్గరగా చూసిన మనిషికే, ఊరు ఎక్కడ ఊరుగా ఉండటం మానుకుంటుందో గీత గీసే అర్హత ఉంటుందని నాకనిపిస్తుంది.

గీత గీసిన వెంటనే ఏం జరిగిందో చూడండి. 1951లో దేశ జనాభాలో పట్టణవాసులు 17.3 శాతం. పదేళ్ల తర్వాత, భారీ ఉక్కు కర్మాగారాలు లేచి, పంచవర్ష ప్రణాళికలు ఉధృతంగా నడిచాక, ఆ వాటా 18 శాతం మాత్రమే. అంతకుముందు పట్టణాలుగా చెలామణీ అయిన కొన్ని వందల చోట్లు కొత్త పరీక్షలో నెగ్గలేక మళ్లీ గ్రామాల జాబితాలోకి వెళ్లిపోయాయి. ప్రగతి చూపించాలని ప్రభుత్వం తహతహలాడుతున్న రోజులవి. అటువంటి సమయంలో, ప్రగతి తక్కువగా కనిపించే కొలతను ప్రభుత్వ విభాగమే తయారుచేసి, దానికే కట్టుబడింది. ఈ నిర్వచనంలో నాకు ముందుగా గౌరవం కలిగించేది ఈ నిజాయితీ.

ఇక మూడు గీటురాళ్లను ఒక్కొక్కటిగా తీసుకుందాం.

మొదటిది జనాభా, 5,000. ప్రపంచంలో ఈ అంకె మీద ఏకాభిప్రాయం లేదు. డెన్మార్క్‌లో 200 మంది ఒకచోట ఉంటే అది పట్టణ నివాసమే. జపాన్‌లో నగరం హోదాకు మామూలుగా 50,000 మంది కావాలి. ఊళ్లు పెద్దవిగా ఉండే మన దేశంలో జనసంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. గోదావరి డెల్టాలో ఐదువేలు దాటిన పల్లెలు ఎన్నో. వాటిని తెల్లవారుజామున చూస్తే జనమంతా పొలాల దారిలోనే కనిపిస్తారు. అందుకే మొదటి గీటురాయి ఒంటరిగా తీర్పు చెప్పదు. మిగతా రెండింటికీ పని దొరికే చోటును మాత్రం చూపిస్తుంది.

రెండోది జనసాంద్రత. 1961లో దీన్ని చదరపు మైలుకు 1,000గా పెట్టారు. కిలోమీటర్లలోకి మారిస్తే అది 386, దాన్ని 400 చేశారు. ఈ చిన్న సర్దుబాటు వల్ల పరీక్ష రవ్వంత కఠినమైంది. 5,000 మంది ఉన్న ఊరు నెగ్గాలంటే దాని విస్తీర్ణం 12.5 చదరపు కిలోమీటర్లకు మించకూడదు. మన రెవెన్యూ గ్రామాల హద్దుల్లో ఇళ్లే కాక పొలాలు, చెరువులు, బంజర్లు కూడా ఉంటాయి. దక్కను పీఠభూమిలో, బీదర్ లాంటి మెట్ట ప్రాంతంలో, ఊరి పొలిమేర చాలా దూరం పోతుంది. ఇళ్లు కిక్కిరిసినా లెక్కలో ఊరు పల్చబడుతుంది.

పారిశ్రామిక వాడ ఉన్న ఊరికి ఇంకో చిక్కు. కర్మాగారాల షెడ్లు, గోదాములు, రసాయనాల మధ్య భద్రత కోసం వదిలే ఖాళీ జాగాలు అన్నీ విస్తీర్ణంలో చేరతాయి, జనాభాలో మాత్రం చేరవు. పగలు వేలమంది పనిచేసే చోట రాత్రి కాపలాదారు తప్ప ఎవరూ పడుకోరు. జనగణన మనిషిని అతను నివసించే ఇంటి దగ్గర లెక్కిస్తుంది కానీ పనిచేసే యంత్రం దగ్గర కాదు. కొల్హార్ వాడలో షిఫ్టు ముగించుకుని బీదర్ వెళ్లి నిద్రపోయే కార్మికుడు బీదర్ లెక్కలోకే వెళతాడు. అంటే ఊరిని పట్టణంగా మార్చే పరిశ్రమే ఈ రెండో పరీక్షలో ఆ ఊరి మార్కులు తగ్గిస్తుంది.

ఈ ఇబ్బందిని రూపకర్తలు గమనించకపోలేదు. 1971లో పట్టణ సముదాయం అన్న భావనను తెచ్చి, పట్టణాన్ని ఆనుకుని ఉండి, పట్టణ లక్షణాలున్నా విడిగా పట్టణం కాలేని రైల్వే కాలనీ, విశ్వవిద్యాలయ ప్రాంగణం, రేవు, సైనిక శిబిరం లాంటి చోట్లకు ఔట్‌గ్రోత్ అని పేరు పెట్టి తల్లి పట్టణంతో కలిపి లెక్కించే పద్ధతి ఏర్పరిచారు. 2011లో అలాంటి ఔట్‌గ్రోత్‌లు దేశంలో 981, పట్టణ సముదాయాలు 475. ఒక పరీక్ష వదిలేసిన ఊరిని మరో ఏర్పాటు చేయందించి పట్టుకుంటుంది. తన కొలత ఎక్కడ తప్పుతుందో ముందే తెలిసిన చేతుల పని ఇది.

మూడో గీటురాయి దగ్గర ఆగి చూడాలి. నూటికి 75 మంది మగ పనివాళ్లు వ్యవసాయేతర పనుల్లో ఉండాలన్నది ఈ నిర్వచనానికి ప్రాణం. పట్టణమంటే వీధిదీపాలు కాదు, సినిమాహాలు కాదు, తహసీల్దారు కచేరీ కాదు. అక్కడి జనం దేనితో బతుకుతున్నారన్నదే ప్రశ్న. జనగణన ఫారంలో పనివాళ్లను నాలుగు రకాలుగా రాస్తారు: సొంతంగానో కౌలుకో సాగుచేసే రైతు, వ్యవసాయ కూలీ, ఇంటి పరిశ్రమ నడిపేవాళ్లు, ఇతరులు. బీదర్ పాతబస్తీలో ఇంట్లో కూర్చుని బిద్రీ పాత్ర మీద వెండితీగ పొదిగే పనివాడు మూడో గడిలోకి వస్తాడు. కొల్హార్‌లో రియాక్టరు దగ్గర నిలబడే ఆపరేటరు నాలుగో గడిలోకి వస్తాడు. ఒకరిది శతాబ్దాల నాటి పని, ఇంకొకరిది నిన్నమొన్నటి పని. పట్టణ లెక్కకు వచ్చేసరికి ఇద్దరూ ఒకే వైపు. కోటనీడన కళాకారుడికీ పొగగొట్టం కింద కార్మికుడికీ ఈ కొలత సమాన విలువ ఇస్తుంది.

ఈ పరీక్ష ఎంత కఠినమో 2001, 2011 అంకెలు చెబుతాయి. ఆ పదేళ్లలో దేశంలో సొంత సాగుదారులు 12.73 కోట్ల నుంచి 11.88 కోట్లకు తగ్గారు. జనం సేద్యం వదిలి పట్టణ పనుల్లోకి వచ్చేశారని అక్కడే సంబరపడేవాళ్లు ఉండవచ్చు. కానీ వ్యవసాయ కూలీలు అదే పదేళ్లలో 10.68 కోట్ల నుంచి 14.43 కోట్లకు పెరిగారు. పొలం పోయినవాడు చాలాసార్లు పక్క పొలంలోనే కూలికి దిగాడు. రైతు తగ్గడాన్ని పట్టణం పెరగడంగా పొరబడకుండా ఈ మూడో గీటురాయి నిగ్గు తేలుస్తుంది. పొలం హక్కు పోతే చాలదు, పొలం పని కూడా పోయి వేరే పని దొరకాలి. అప్పుడే నూటికి 75.

ఆ వేరే పని కొల్హార్ దాకా ఎలా వచ్చింది? ఇక్కడ ఇంకో పత్రాన్ని ఈ నిర్వచనం పక్కన పెట్టి చదవాలి.

1991 జులై 24. పి.వి.నరసింహారావు ప్రధాని, పరిశ్రమల శాఖ కూడా ఆయన చేతిలోనే ఉంది. మన్మోహన్ సింగ్ బడ్జెట్ ప్రవేశపెట్టిన రోజునే కొత్త పారిశ్రామిక విధాన ప్రకటన పార్లమెంటు ముందుకు వచ్చింది. చాలా పరిశ్రమలకు లైసెన్సు అక్కర్లేదన్న మాటే అందరికీ గుర్తుంది. పట్టణాల కథకు అవసరమైన వాక్యం వేరే ఉంది. పది లక్షలు దాటిన నగరాలు కాకుండా ఇంకెక్కడ పరిశ్రమ పెట్టినా, లైసెన్సు తప్పనిసరిగా ఉంచిన కొన్నింటికి తప్ప, కేంద్రం అనుమతి అక్కర్లేదు. పది లక్షలు దాటిన నగరాల్లో మాత్రం ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్, ముద్రణ లాంటి కాలుష్యం లేనివి తప్ప మిగతావి నగరం అంచు నుంచి 25 కిలోమీటర్ల అవతలే పెట్టాలి. ముందే గుర్తించిన పారిశ్రామిక వాడలకు మినహాయింపు. 1991 జనగణనలో అలాంటి నగరాలు 23 తేలాయి. వాటిలో హైదరాబాద్ ఒకటి.

ఈ రెండు వాక్యాలు హైదరాబాద్ భవిష్యత్తును రెండు దారుల్లో నడిపించాయి. సాఫ్ట్‌వేర్‌కు నగరం లోపల చోటు దొరికింది. రసాయనం బయటికి నడిచింది. మందుల పరిశ్రమ అప్పటికే హైదరాబాద్‌లో వేళ్లూనుకుంది. ప్రభుత్వ రంగంలోని ఐడీపీఎల్ ఇక్కడ కెమిస్టులను తయారుచేసింది. 1970 పేటెంట్ల చట్టం మందుల్లో తయారీ విధానానికే తప్ప తయారైన పదార్థానికి పేటెంటు లేకుండా చేసింది. ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చిన కె.అంజిరెడ్డి లాంటివాళ్లు సొంత సంస్థలు పెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల నిండాయి. నక్కవాగు నీళ్లు రంగు మారాయి, పటాన్‌చెరు కాలుష్యం వ్యాజ్యం 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1991 ప్రకటన మందులను లైసెన్సు తప్పనిసరి జాబితాలోనే ఉంచింది. 1994 సెప్టెంబరులో ఔషధ విధానం సవరించినప్పుడు ఎక్కువ భాగం బల్క్ డ్రగ్స్‌కు ఆ కట్టు కూడా తెగింది. అనుమతి కోసం ఢిల్లీ గుమ్మంలో నిలబడే అవసరం పోయాక పరిశ్రమ వెతికేది నాలుగే: నేల, నీళ్లు, రోడ్డు, మనుషులు. హైదరాబాద్ నుంచి పడమరగా పుణె వైపు పోయే జాతీయ రహదారి మీద సంగారెడ్డి, జహీరాబాద్, ఆ తర్వాత హుమ్నాబాద్ వస్తాయి. జహీరాబాద్‌లో 1980ల్లోనే ఆల్విన్ నిస్సాన్ వాహనాల కర్మాగారం ఉండేది, తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది. ఆ దారికి ఉత్తరాన బీదర్, దాని పక్కన కొల్హార్. పాత హైదరాబాద్ రాష్ట్రపు దారుల మీదే కొత్త పరిశ్రమ నడిచింది.

జనాభా సంగతి చూస్తే, అదే సమయంలో బీదర్ జిల్లాలో ఇంకో మార్పు జరుగుతోంది. 2001లో 15.02 లక్షలున్న జిల్లా జనాభా 2011కి 17.03 లక్షలైంది. పెరుగుదల 13.4 శాతం. కర్ణాటక మొత్తానికి అది 15.6, దేశానికి 17.7. జిల్లా మొత్తం మీద పెరుగుదల మందగిస్తే, బీదర్ నగరం మాత్రం సుమారు 1.74 లక్షల నుంచి 2.16 లక్షలకు, అంటే 24 శాతం దాకా పెరిగింది. కందులు, పెసలు, మినుములు, జొన్నలు పండే మెట్ట పల్లెల నుంచి కొందరు హైదరాబాద్ బండెక్కారు, కొందరు జిల్లా కేంద్రంలో దిగారు. కాన్పులు తగ్గడం ఇందులో ఒక పాయ. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కర్ణాటకలో, ఆంధ్రప్రదేశ్‌లో సగటున స్త్రీకి 1.7 మంది, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా నిలదొక్కుకోవడానికి కావలసిన 2.1 కన్నా ఇది తక్కువ. పిల్లలు తగ్గిన ఇంట్లో పెద్దకొడుకు ఐటీఐ చదివి షిఫ్టు పనికి పోతే, పొలంలో దిగడానికి రెండోవాడు ఉండకపోవచ్చు.

ఇక్కడే నిర్వచనంలోని అత్యంత సున్నితమైన కీలు బయటపడుతుంది. పట్టణాల జాబితా గణన ముగిశాక తయారుకాదు. గణన మొదలయ్యేలోపే ఏ ఊరికి పట్టణ ఫారం, ఏ ఊరికి గ్రామ ఫారం అని తేల్చుకోవాలి. మరి రేపటి జనాభా ఈరోజు ఎలా తెలుస్తుంది? 2011 జాబితా కోసం జనగణన అధికారులు 2001 అంకెలు తీశారు. అప్పటికి 4,000 దాటి, మిగతా రెండు పరీక్షల్లోనూ నెగ్గిన ఊళ్లను, పదేళ్లలో 5,000కు చేరతాయన్న అంచనాతో ఎంచారు. నాలుగు వేలు ఐదు వేలు కావాలంటే 25 శాతం పెరగాలి. ఈ అంచనా గాలిలోంచి రాలేదు. 1961 నుంచి 1971 దాకా దేశ జనాభా 24.8 శాతం, తర్వాతి పదేళ్లలో 24.7, ఆపై 23.9 శాతం పెరిగింది. దేశపు జనాభా వేగం మొత్తం ఆ వెయ్యి తేడాలో ఇమిడి ఉంది. ఇంత పొదుపైన అంచనా చూసినప్పుడు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కానీ ఆ వేగం ఇప్పుడు లేదు. బీదర్ జిల్లా లెక్కన 13.4 శాతం చొప్పున పెరిగే ఊరిలో నాలుగు వేలమంది పదేళ్లకు 4,536 మంది అవుతారు. ఐదు వేలకు ఇంకా 464 మంది తక్కువ. 2011 పట్టణాల జాబితాలో 5,000 చేరని జనగణన పట్టణాలు కొన్ని కనిపించేది అందుకే. దీనికి వ్యతిరేక దిశలో కూడా ఒక లోటు ఉంది. 2001లో పొలం పనులే ఎక్కువగా ఉండి, ఆ తర్వాత ఫ్యాక్టరీలు వచ్చి మారిపోయిన ఊరు 2011 జాబితాకు అందలేదు. సంస్కరణల తర్వాత పరిశ్రమ ఎంత తొందరగా వస్తుందో, ఎంత తొందరగా మూతపడుతుందో ఈ పదేళ్ల చూపుకు ఆనదు. 2021 జనగణన కోవిడ్ వల్ల ఆగిపోయింది. తర్వాతి జనగణనకు 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది, లెక్క తేదీ 2027 మార్చి 1. పదేళ్ల ఎడంగా అల్లిన పద్ధతి పదహారేళ్ల ఎడాన్ని దాటాలి. కొల్హార్ లాంటి చోట్లకు ఈ ఆరేళ్లు చిన్న సమయం కాదు.

ఇన్ని లోట్లున్నా ఈ కొలత ఏం చూపించిందో చెప్పకపోతే అన్యాయం. 2001లో దేశంలో జనగణన పట్టణాలు 1,362. 2011లో అవి 3,894. చట్టబద్ధ పట్టణాలు అప్పటికి 4,041. అంటే ప్రభుత్వాలు పట్టణాలుగా ఒప్పుకున్నవాటికి దాదాపు సమానంగా, ఒప్పుకోనివి ఉన్నాయని తేలింది. ఆ పదేళ్లలో పెరిగిన పట్టణ జనాభాలో 29.5 శాతం ఇలా గ్రామాలుగా ఉండి కొత్తగా పట్టణ లెక్కలోకి వచ్చిన ఊళ్ల వాటా అని పరిశోధకుడు కన్హు చరణ్ ప్రధాన్ 2013లో లెక్కగట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక తొలిసారి, పట్టణాల్లో పెరిగిన జనసంఖ్య పల్లెల్లో పెరిగినదాన్ని మించింది కూడా ఆ పదేళ్లలోనే. జనమంతా ముంబైకీ ఢిల్లీకీ వలసపోతున్నారని అందరూ రాస్తున్న రోజుల్లో, చాలామంది ఉన్నచోటే ఉండగా పట్టణమే వాళ్ల గుమ్మంలోకి వచ్చిందని ఈ నాలుగు పంక్తుల నిర్వచనం బయటపెట్టింది. కేరళలో జనగణన పట్టణాలు 99 నుంచి 461కి పెరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 93 నుంచి 228 అయ్యాయి.

ఆ 228లో మన పటాన్‌చెరు చుట్టుపక్కలవి చూస్తే కొలత ఎంత ముందుచూపుతో పనిచేసిందో తెలుస్తుంది. బొల్లారం, అమీన్‌పూర్ 2011 జనగణనలో పట్టణాలు. అప్పటికి వాటిని నడిపింది గ్రామ పంచాయతీలే. అవి పురపాలక సంఘాలైంది 2018లో. ప్రభుత్వం ఒప్పుకోవడానికి ఏడేళ్ల ముందే గణకులు ఇల్లిల్లూ తిరిగి, ఈ ఊరి మగవాళ్లు పొలానికి పోవడం లేదని రాసిపెట్టారు. 2011లో ఆ పని చేసినవాళ్లు దేశమంతటా సుమారు 27 లక్షలమంది, ఎక్కువగా బడిపంతుళ్లు. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరిగారు. 28 రాత్రి ఫుట్‌పాత్‌ల మీద, రైల్వే స్టేషన్లలో పడుకున్న ఇల్లులేని వాళ్లను వెతికి రాశారు. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ తిరిగి, ఈలోగా పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ సరిచేశారు. నిర్వచనం ఎంత గొప్పదైనా, గుమ్మంలో నిలబడి "ఏం పని చేస్తారండీ?" అని ఓపిగ్గా అడిగే మనిషి లేకపోతే అది కాగితమే.

ఇప్పుడు ప్రపంచంలో కొత్త పద్ధతి వచ్చింది. నేలను చదరపు కిలోమీటరు గడులుగా కోసి, ఉపగ్రహ చిత్రాల సాయంతో, ఎక్కడ ఎంతమంది గుమిగూడారో చూసి పట్టణాన్ని తేల్చే విధానాన్ని 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించింది. దేశాలను పోల్చడానికి అది మంచిదే. ఆ లెక్కన చూస్తే భారతదేశం మన జనగణన చెప్పేదానికన్నా చాలా ఎక్కువ పట్టణీకరణ చెందినట్టు కనిపిస్తుంది. కానీ ఉపగ్రహానికి కప్పులు కనిపిస్తాయి, కప్పు కింద కందిచేలో కోతకోసి వచ్చినవాడున్నాడో, బాయిలరు దగ్గర నిలబడి వచ్చినవాడున్నాడో కనిపించదు. ఆ తేడా చెప్పగలిగిన మన పాత కొలతను పారేయకుండా, కొత్తదాన్ని దాని పక్కన పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

జనగణన పట్టణం అన్న హోదా వల్ల ఊరికి దక్కేదేమిటన్న ప్రశ్నకు జవాబు బాధ కలిగిస్తుంది. నేరుగా ఏమీ దక్కదు. అది లెక్క మాత్రమే. మురుగు కాల్వ వేయడం, చెత్త ఎత్తడం, రసాయన పరిశ్రమల పక్కన తాగునీటిని కాపాడటం పంచాయతీ చేతికి మించిన పనులు. పట్టణంగా మార్చే అధికారం రాష్ట్రానిది. రాష్ట్రాలు లాభనష్టాలు చూసుకుని అడుగేస్తాయి. 2004లో తమిళనాడు గ్రామాలకు వచ్చే నిధుల కోసం 566 పట్టణ పంచాయతీలను ఒక్క కలంపోటుతో గ్రామ పంచాయతీలుగా మార్చింది, 2006లో మళ్లీ వెనక్కి మార్చింది. ఊళ్లలో ఒక్క మనిషి పని కూడా మారకుండానే లక్షలమంది పట్టణం నుంచి పల్లెకు, పల్లె నుంచి పట్టణానికి ప్రయాణించారు. ఇటు బీదర్ పరిస్థితి చూస్తే, 2024 సెప్టెంబరులో కలబురగిలో కూర్చున్న కర్ణాటక మంత్రివర్గం దాన్ని నగర పాలికగా పెంచాలని నిర్ణయించింది. నగర పాలిక అన్నాక చుట్టుపక్కల ఊళ్ల సంగతి తేల్చాలి. కొల్హార్ వైపు పెరిగిన ఇళ్లకూ షెడ్లకూ అసలు ప్రశ్న ఆ హద్దు ఎక్కడ పడుతుందన్నదే.

1961 నాటి ఆలోచన ఒక పెద్ద చోటికి ఎక్కిన సంగతి కూడా చెప్పాలి. పి.వి. ప్రభుత్వం ఉండగానే పార్లమెంటు 74వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది, 1993 జూన్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులోని 243క్యూ అధికరణం పల్లె నుంచి పట్టణానికి మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీ ఉండాలంటుంది. అలాంటి ప్రాంతాన్ని ఎలా గుర్తించాలో చెబుతూ జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాధాన్యం అని వరసగా పేర్కొంటుంది. మన మూడు గీటురాళ్లూ ఆ వాక్యంలో ఉన్నాయి. జనగణన కార్యాలయంలో లెక్కల సౌకర్యం కోసం పుట్టిన కొలత ముప్పై ఏళ్లకు రాజ్యాంగంలో భాగమైంది. అంకెలు మాత్రం అక్కడికి చేరలేదు. ఎంత జనాభా, ఎంత శాతం అన్నది గవర్నరు నిర్ణయానికి, అంటే రాష్ట్ర ప్రభుత్వానికి వదిలేశారు. పైగా, పరిశ్రమే పురపాలక సేవలు అందిస్తున్న చోట మునిసిపాలిటీ లేకుండా పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించే వీలు కూడా అదే అధికరణంలో ఉంది.

రాజ్యాంగ వాక్యంలో ఇంకో విషయం ఉంది. అది వ్యవసాయేతర ఉపాధి శాతం అంటుంది, మగవాళ్ల ఉపాధి అనదు. జనగణన నిర్వచనం మాత్రం మగవాళ్ల దగ్గరే ఆగింది. ఆడవాళ్ల పని ఫారంలో సరిగా రాయరు, ఒక జనగణనకూ ఇంకో దానికీ మధ్య ఆ అంకె ఊగిపోతుంది, అందుకే నిలకడగా ఉండే మగ పనివాళ్ల అంకె తీసుకున్నారన్న వాదన ఉంది. అరవై ఏళ్ల కిందట అందులో కొంత అర్థం ఉండవచ్చు. కొల్హార్ లాంటి చోట ఈరోజు ఒకే ఇంట్లో మొగుడు షిఫ్టుకు పోతాడు, భార్య కందిచేలో కలుపు తీస్తుంది. ఇంకో ఇంట్లో భార్య మాత్రలు ప్యాకింగ్ చేసే గదిలో పనిచేస్తుంది, మామగారు ఎద్దులతో పొలంలో ఉంటాడు. మొదటి ఇల్లు పూర్తిగా పట్నంవైపు, రెండోది పూర్తిగా పల్లెవైపు పడిపోతాయి. రెండిళ్లూ సగం సగమేనన్న నిజం లెక్కలో పోతుంది. దీన్ని సరిచేయడానికి కొత్త సర్వే అక్కర్లేదు, కొత్త ప్రశ్న కూడా అక్కర్లేదు. ప్రతి ఊరికీ అచ్చయ్యే ప్రాథమిక జనగణన పట్టికలో నాలుగు రకాల పనుల్లోనూ మగవాళ్ల వరస పక్కనే ఆడవాళ్ల వరస 2011లోనే ఉంది. ఆ రెండో వరసను కూడా కలిపి కూడితే చాలు.